లాగ్ బుక్‌లో అబద్ధం రాయాల్సొస్తోంది, ఏం చెయ్యమంటారు మేడం?

పల్నాడు జిల్లా నుంచి బీకాం ఫైనలియర్ అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దంది, ఊరు పేరు కూడా నేనే తీసేశాను. నాలుగు పేజీలు రాసింది, ముఖ్యమైనంతవరకు ఇక్కడ చెప్తాను.

ఆరో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే కాబట్టి కాలేజీ వాళ్ళు ఈమెని నరసరావుపేటలో ఒక ఆడిటర్ ఆఫీసుకి పంపారు. జనవరి మొదట్లో చేరింది, సంక్రాంతి సెలవులు పోను మూడు వారాలైంది. ఇప్పటిదాకా చేసింది జెరాక్సులు తియ్యడం, పాత ఫైళ్ళు సంవత్సరం వారీగా సర్దడం, ఆఫీస్ బాయ్ రాని రెండు రోజులు టీ తేవడం, అంతే. ఆడిటర్ గారు మంచివారేగానీ తలెత్తి చూసే తీరిక ఉండదు, అక్కడున్న ఇద్దరు ఆర్టికల్ అబ్బాయిలు (సీఏ చదువుతూ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు) వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. స్టైపెండ్ లేదు. అయినా రాత్రి ఇంటికొచ్చి లాగ్ బుక్‌లో, అంటే రోజూ చేసిన పని రాసి కాలేజీకి చూపించే పుస్తకంలో, "ఈ రోజు టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు నేర్చుకున్నాను" అని రాస్తోంది, ఎందుకంటే కాలేజీలో మెంటార్ సార్ "జెరాక్స్ అని రాస్తే మార్కులెవరిస్తారమ్మా, అందరూ రాసినట్టే రాయి" అన్నారట. క్లాసులో నలుగురు ఫ్రెండ్స్ తలా పదిహేను వందలు కట్టి హైదరాబాద్‌లో ఏదో సంస్థ నుంచి సర్టిఫికెట్ తెప్పించుకుంటున్నారు, వాళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, శుభ్రంగా బ్యాంకు కోచింగ్‌లో కూర్చున్నారు. నాన్న కౌలుకి మిర్చి, పత్తి వేస్తారు, ఆయనదీ అదే మాట, ఊరికే చాకిరీ చేసేకంటే కోచింగ్‌కి పో అని. అన్న బీటెక్ అయ్యి రెండేళ్ళుగా ఖాళీ, "నేను మూడు సర్టిఫికెట్లు తెచ్చా, ఒక్కడూ చూడలేదు" అంటాడట. పైగా జనవరి 20న ఆఫీసులో ఎనిమిదిన్నర దాకా ఉంచేశారు, ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్ళారు, ఆ రోజు నుంచి అమ్మ మాన్పించెయ్యమంటోంది.

ఉత్తరం చివర్లో ఇలా రాసింది: "నాకు పని నేర్చుకోవాలనే ఉంది మేడం. అక్కడ నేర్పేవాళ్ళు లేరు, ఇక్కడ నమ్మేవాళ్ళు లేరు. మానెయ్యనా, డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోనా, ఇలాగే అబద్ధాలు రాసుకుంటూ ఏప్రిల్ దాకా గడిపెయ్యనా?"

అమ్మా, ముందు ఒక మాట. మూడు వారాలు ఎవరూ పట్టించుకోకపోయినా రోజూ రెండు బస్సులు మారి వెళ్తున్నావు, రాత్రి ఆ అబద్ధం రాసేటప్పుడు నీకు చెయ్యి ఆడట్లేదు, ఆ రెండూ చూసే నీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను, కొన్నేళ్ళు ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌గా కూడా చేశాను, అంటే మీ మెంటార్ సార్ కూర్చున్న కుర్చీలో నేనూ కూర్చున్నా. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో నాకు తెలుసు.

మొదటి బ్యాచ్‌కి నేను చేసిన తప్పు చెప్తాను. డిగ్రీ వాళ్ళకి మూడేళ్ళలో కలిపి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని మన రాష్ట్రంలో పెట్టారు కదా, ఫస్టియర్ అయ్యాక ఊళ్ళో కమ్యూనిటీ సర్వే, సెకండియర్ అయ్యాక రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన మంచిదే, నేను ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ ఒక్కసారిగా అన్ని కాలేజీల పిల్లలకీ చోట్లు కావాల్సొచ్చింది, మన చిన్న టౌన్లలో ఉన్న ఆఫీసులెన్ని, షాపులెన్ని? దొరికిన చోటికల్లా పంపేశాం. ఒక పెద్ద షోరూంతో ఎంఓయూ (ఒప్పంద పత్రం) రాసుకున్నాం, ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగాం, పద్నాలుగు మందిని పంపాం. ఐదో వారంలో గానీ నేను వెళ్ళి చూడలేదు. వెళ్తే పిల్లలు చీరలు మడతపెడుతున్నారు, మొదటి రోజు నుంచీ అదే పని. ఆ ఎంఓయూలో పిల్లలకి ఏం పని ఇవ్వాలి, ఎవరు నేర్పాలి, మేం ఎన్నిసార్లు వచ్చి చూడాలి, ఒక్క లైను లేదు. రాసింది నేనే. అందుకని నీ ఆఫీసు చెడ్డదనో మీ సార్ చెడ్డవాడనో నేను చప్పున అనలేను, కాలేజీ పంపి మర్చిపోయింది, ఆఫీసు సరేనని మర్చిపోయింది, వాళ్ళిద్దరూ నీ గురించి ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

ఆ ఏడాది లాగ్ బుక్కులు దిద్దుతుంటే అన్నిట్లో ఒకటే వాక్యం, "అకౌంట్స్ గురించి నేర్చుకున్నాను", నలభై రోజులు నలభై సార్లు. ఒక్క అబ్బాయి పుస్తకం మాత్రం వేరేగా ఉంది. వాడు కారు స్పేర్ పార్ట్స్ షాపులో చేశాడు. ఒక రోజు కింద ఇలా రాశాడు, అప్పటి జీఎస్టీ రేట్లు అవి: "బిల్లులో 18 శాతం వేశాను, ఇది 28 అని ఓనర్ గారు తిట్టారు, బిల్లు కాన్సిల్ చేసి మళ్ళీ కొట్టాం, కస్టమర్ అరగంట నిలబడ్డాడు." అక్షరాలు వంకర, తప్పులున్నాయి. కానీ వైవాకి (నోటి పరీక్షకి) బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు. కాన్సిల్ చేసిన బిల్లు నంబరు ఏమవుతుంది, కస్టమర్ అప్పటికే వెళ్ళిపోయి ఉంటే ఏం చేసేవాడివి అని పది నిమిషాలు అడిగారు, వాడు అన్నీ చెప్పాడు. మిగతా పిల్లలతో రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు, అడగడానికి వాటిల్లో ఏముంది?

మీ అన్న మాట కొట్టిపారెయ్యకు, అతను చెప్పింది నిజమే, సర్టిఫికెట్ ఎవరూ చూడరు. ఇంటర్వ్యూలో అడిగేది "అక్కడ నువ్వేం చేశావ్" అని. దానికి తర్వాత ఇంకో ప్రశ్న వేస్తారు, ఆ తర్వాత ఇంకోటి. పని చేసిన వాళ్ళకి మూడో ప్రశ్నకి కూడా జవాబుంటుంది. కొన్న వాళ్ళకి మొదటిదానికే ఉండదు.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం.

డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం. నిజం చెప్పాలంటే మీ ఫ్రెండ్స్ పట్టుబడకపోవచ్చు, మార్కులూ పడొచ్చు, అది కాదని నేను బుకాయించను. ఏప్రిల్ దాకా టైమంతా కోచింగ్‌కి దొరుకుతుంది, అది చిన్న లాభం కాదు. పోయేదేంటంటే, ఆ కాగితాన్ని రెజ్యూమేలో పెడితే ప్రతి ఇంటర్వ్యూలో ఒక కట్టుకథ మోస్తూ కూర్చోవాలి, పెట్టకపోతే పదిహేను వందలు దండగ. ఉద్యోగంలో చేరేటప్పుడు వెనక వివరాలు వెరిఫై చేసే కంపెనీలుంటాయి, రెండేళ్ళ తర్వాత ఆ సంస్థకి ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉంటాడో లేదో. ఇంకోటి, నీకు మామూలు లాగ్ బుక్‌లో ఒక లైను రాయడానికే చెయ్యి రావట్లేదు, మొత్తం సెమిస్టర్ అబద్ధం నీకు నప్పుతుందా అనేది నువ్వే చూసుకో.

చోటు మార్చుకోవడం రెండోది. కుదురుతుంది, ఆలస్యం చెయ్యకుండా అడిగితేనే. మీ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులున్నాయి, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి, సహకార సంఘాలున్నాయి, అన్నిట్లో అకౌంట్స్ ఉంటాయి. నాన్నగారికి తెలిసిన మిర్చి కమిషన్ షాపులో అయితే లాట్ నంబర్లు, తూకం పట్టీలు, రైతుకి ఇచ్చిన అడ్వాన్సు ఎలా పట్టుకుంటారో కళ్ళారా చూస్తావు, సీజన్ కూడా ఇదే. కానీ కాలేజీ నుంచి పర్మిషన్ లెటర్ కావాలి, ఈ మూడు వారాలు లెక్కలోకి వస్తాయో లేదో ముందే అడగాలి, కొత్త చోట కూడా మొదటి నెల జెరాక్సులే ఉండొచ్చు. అడగడం రాకపోతే ఎక్కడికెళ్ళినా ఇదే కథ.

నేనైతే ముందు ఉన్న చోటే అడిగి చూడమంటాను, దీని గురించి కాస్త వివరంగా చెప్తా.

ఆడిటర్ ఆఫీసులో నీకెందుకు పని ఇవ్వట్లేదో వాళ్ళ వైపు నుంచి చూడు. క్లయింట్ లెక్కలో ఒక్క నంబరు తప్పు పడితే నోటీసు వస్తుంది, క్లయింట్ వచ్చి కూర్చుంటాడు. ఆ ఆర్టికల్ అబ్బాయిలు సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసై ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్ చేసుకుని రెండేళ్ళు అక్కడ ఉండాల్సినవాళ్ళు, వాళ్ళకి నేర్పితే రెండేళ్ళు పనికొస్తుంది. నువ్వు ఏప్రిల్‌లో వెళ్ళిపోతావు. నీకు నేర్పడానికి ఒకళ్ళ గంట పోతుంది, ఆ గంట తిరిగొస్తుందని వాళ్ళకి నమ్మకం లేదు. అంచేత "సార్ ఏదైనా నేర్పించండి" అని అడిగితే "చూద్దామమ్మా" అంటారు, ఆ చూద్దాం ఏప్రిల్ దాకా సాగుతుంది. ఒక పని పేరు పెట్టి అడగాలి, అది వాళ్ళకి విసుగ్గా ఉండే పనై ఉండాలి, తప్పు పోతే ఫైల్ చేసేలోపు దొరికిపోయే పనై ఉండాలి.

అలాంటిది ఒకటుంది, టూబీ టాలీ చెయ్యడం, అంటే కొన్న బిల్లుల్ని జీఎస్టీ పోర్టల్లో వచ్చే జీఎస్టీఆర్ 2బీ అనే జాబితాతో సరిచూడ్డం. క్లాసులో జీఎస్టీ చదివావు కాబట్టి త్వరగా పట్టుకుంటావు. ఒక ఎరువుల షాపాయన హోల్‌సేలర్ దగ్గర సరుకు కొన్నాడనుకో, దాని మీద కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవచ్చు, కానీ ఆ హోల్‌సేలర్ తన జీఎస్టీఆర్ 1లో, అంటే అమ్మకాల రిటర్నులో, ఈ బిల్లు చూపించి ఉండాలి. నెలనెలా వేసేవాళ్ళు తర్వాతి నెల 11లోపు వేస్తారు, 14న పోర్టల్లో టూబీ తయారవుతుంది, 20లోపు త్రీబీ (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) వేసి పన్ను కట్టాలి. ఈ 14కీ 20కీ మధ్యలోనే షాపు దగ్గరున్న కొనుగోలు బిల్లులన్నీ టూబీతో ఒక్కొక్కటి సరిచూడాలి, ఏది రాలేదో చూసి ఆ హోల్‌సేలర్‌కి ఫోన్ చెయ్యాలి. జనవరి 20న నిన్ను ఎనిమిదిన్నర దాకా ఎందుకు ఉంచారో ఇప్పుడు అర్థమైందా. ఎక్సెల్‌లో వీలుకప్ (రెండు జాబితాల్ని పోల్చే ఫార్ములా) పెడితే సగం అదే కలుస్తుంది, మిగతా సగం కళ్ళతో చూడాలి, బిల్లు మీద నంబరు 045 అని ఉంటుంది, పోర్టల్లో 45 అని ఉంటుంది, మిషన్ అది రెండు వేరువేరు బిల్లులనుకుంటుంది. ఒకచోట జీఎస్టీ నంబర్లో సున్నా బదులు ఓ కొట్టి ఉంటారు. ఒక బిల్లులో రూపాయి తేడా, రౌండాఫ్. ఇవి చూడ్డానికి ఓపిక కావాలి, ఆర్టికల్ అబ్బాయిలకి పరీక్షల గొడవ ఉంటుంది, వాళ్ళు సంతోషంగా వదిలేస్తారు.

డిసెంబర్ 31తో గడువు ముగిసే రిటర్నుల హడావిడి అయిపోయింది, జనవరి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకునే పన్ను) రిటర్నులూ అయిపోయాయి, మార్చి రాగానే ఆర్థిక సంవత్సరం ముగింపుతో మళ్ళీ ఊపిరాడదు. ఈ ఫిబ్రవరే నీకు దొరికే సందు. 20 దాకా ఆగకు, మొదటి వారంలోనే, పొద్దున ఆఫీసు తెరవగానే వెళ్ళి ఇలా అడుగు: "సార్, ఒక చిన్న క్లయింట్‌వి టూబీ టాలీ చేసి షీట్ రెడీ చేసిస్తాను, ఆర్టికల్ అన్నయ్య చెక్ చేశాకే మీరు వాడుకోండి, జెరాక్స్ పని కూడా మానను." ఆ చివరి ముక్క తప్పకుండా చెప్పు.

కాదంటే? ఒక వారం ఆగి ఇంకోసారి అడుగు, ఈసారి చేసి చూపించు. పోయిన నెల పాత బిల్లులు, టూబీ షీటు ఇమ్మను, అప్పటికే ఫైల్ అయిపోయింది కాబట్టి తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. నువ్వు తేల్చినదీ వాళ్ళు తేల్చినదీ ఒకటే వస్తే మూడోసారి అడగక్కర్లేదు. ఫిబ్రవరి 20 దాటాక కూడా జెరాక్స్ మిషన్ దగ్గరే ఉన్నావంటే అప్పుడు చోటు మార్చమని కాలేజీకి వెళ్ళు, అప్పుడు నీ దగ్గర అడిగిన తారీఖులతో సహా చెప్పడానికి విషయం ఉంటుంది.

ఈలోపు జెరాక్సులు తీస్తూనే ఆ కాగితాలు చదువు. పార్ట్‌నర్‌షిప్ డీడ్ అంటే పుస్తకంలో డెఫినిషన్ బట్టీ పట్టాం, అసలుది ఎలా ఉంటుందో మా పిల్లల్లో చాలామంది చూడలేదు, నీ చేతిలోంచి రోజుకి రెండు వెళ్తున్నాయి. ఒక జాగ్రత్త, ఫొటోలు తియ్యకు, ఇంటికి తీసుకెళ్ళకు, లాగ్ బుక్‌లో క్లయింట్ పేరు రాయకు, ఎరువుల షాపు అనో క్లయింట్ ఒకటి అనో రాయి. పక్కవాళ్ళ లెక్కలు బయటపెట్టే మనిషిని ఏ ఆడిటరూ మళ్ళీ రానివ్వడు.

లాగ్ బుక్ సంగతి. ఇవాళ్టి నుంచి నిజం రాయి. ఆ పుస్తకంలో రోజుకో గడి ఉంటుంది, చేసిన పని, నేర్చుకున్నది, పక్కన ఆఫీసువాళ్ళ సంతకం. "పన్నెండు ఫైళ్ళు సర్దాను, ఒకదానిలో రెంటల్ అగ్రిమెంట్ లేదు, అది లేకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి అడ్రస్ ప్రూఫ్ ఉండదని ఆర్టికల్ అన్నయ్య చెప్పారు" అని రాస్తే అది జెరాక్స్ పనిలా ఉందా? రాయడానికి ఏమీ లేని రోజు ఏమీ లేదనే రాయి. వెనక రాసిన మూడు వారాలు ఏం చెయ్యాలి అంటావు, చింపకు, కొట్టెయ్యకు, మీ మెంటార్ సార్ దగ్గరకెళ్ళి "సార్, మొదటి వారాల్లో చేసింది ఫైలింగ్, అది సరిచేసి రాస్తాను" అని చెప్పు. ఆయన విసుక్కోవచ్చు. ఆయన మీద కూడా యాభై అరవై మంది పిల్లలుంటారు, అందరి దగ్గరికీ తిరగలేక ఆ సలహా ఇచ్చి ఉంటారు, నేను కూడా ఇచ్చాను కాబట్టి చెప్తున్నా. కానీ ఒక్క సాయం గట్టిగా అడుగు, ఆఫీసుకి ఒకసారి రమ్మను, రాలేకపోతే ఆడిటర్ గారికి ఒక ఫోన్. కాలేజీ నుంచి ఫోనొస్తే ఆఫీసులో నీ లెక్క మారుతుంది, ఈ పిల్ల వెనక ఒకళ్ళున్నారు అని. తెలంగాణలో కొన్ని డిగ్రీ కాలేజీల్లో బీబీఏ రిటైల్ కోర్సు పెట్టారు, వారంలో మూడు రోజులు క్లాసు, మూడు రోజులు స్టైపెండ్‌తో షాపులో పని. నాకు అందులో నచ్చింది స్టైపెండ్ ఒక్కటే కాదు, పిల్ల వారం వారం కాలేజీకి తిరిగొచ్చి అక్కడేం జరిగిందో చెప్పే వీలుంది, తేడా ఉంటే రెండో వారంలోనే తెలుస్తుంది. మనకా ఏర్పాటు లేదు కాబట్టి ఆ ఫోను నువ్వే అడిగి చేయించుకోవాలి.

బస్సు విషయంలో అమ్మ వైపే నేను. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పథకం, స్త్రీ శక్తి, వచ్చాక 2025 ఆగస్టు 15 నుంచి ఛార్జీల బాధ పోయింది, కానీ ఫ్రీ బస్సైనా వెళ్ళిపోయాక ఏం లాభం. ఇంటికెళ్ళే టైం ఇది, 20న కూడా ఇదే, కావాలంటే పొద్దున గంట ముందొస్తాను అని ఆఫీసులో ఇప్పుడే చెప్పెయ్, సిగ్గుపడే విషయం కాదది. ఒక్కదానివే ఆఫీసులో మిగలకు. నువ్వు రాయలేదు, అయినా చెప్పి ఉంచుతున్నా, పనిచేసే చోట ఆడవాళ్ళ రక్షణకి 2013లో వచ్చిన చట్టం జీతం లేని ట్రైనీలకీ వర్తిస్తుంది, పదిమంది కంటే తక్కువున్న ఆఫీసైతే జిల్లా స్థాయిలో ఉండే కమిటీకి కంప్లయింట్ ఇవ్వచ్చు.

నాన్నగారితో ఎలా మాట్లాడాలి అన్నదే నీకు కష్టమైన ముక్క అనుకుంటా. ఆయన్ని కాదనొద్దు. కౌలు కట్టి మిర్చి వేసి రేటు పడిపోతే ఏమవుతుందో చూసిన మనిషి, నెల జీతం కావాలనుకోవడంలో తప్పేముంది. కానీ ఆయనకి ఈ సంగతి తెలుసో లేదో, బ్యాంకులే డిగ్రీ అయిన పిల్లల్ని ఏడాది అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నాయి. 2024లో కెనరా బ్యాంకు ఒక్కటే 3000 మందికి నోటిఫికేషన్ ఇచ్చింది, నెలకి 15000, అందులో 4500 ప్రభుత్వం వాటా. స్థానిక భాష టెస్టు కూడా ఉంటుంది, టెన్త్ దాకా తెలుగు చదివావు కదా. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇస్తామని వాళ్ళు చెప్పరు, ఆ మాట నాన్నకి ముందే చెప్పు, తర్వాత మోసపోయామనుకోకూడదు. బ్యాంకే కానక్కర్లేదు, నాట్స్ అనే అప్రెంటిస్ పథకంలో డిగ్రీ వాళ్ళకి 2019 రూల్స్ నాటికే నెలకి కనీసం 9000 పెట్టారు, దాన్లో సగం కంపెనీకి ప్రభుత్వం తిరిగిస్తుంది, మన రెండు రాష్ట్రాల వ్యవహారం చెన్నైలో ఉన్న బోర్డు చూస్తుంది. పాసవ్వగానే పోర్టల్లో పేరు నమోదు చేసుకో. పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ అని 2024లో మొదలైంది ఇంకోటి ఉంది, కానీ మొదలైనప్పుడు రెగ్యులర్‌గా చదువుతున్న వాళ్ళకి ఇవ్వలేదు, ఇప్పుడు నీకు వస్తుందో లేదో దాని పోర్టల్లోనే చూసుకో, ఎవరైనా డబ్బు కడితే ఇప్పిస్తామంటే నమ్మకు.

కోచింగ్ కూడా మానక్కర్లేదు. ఏప్రిల్ దాకా రోజుకి గంటన్నర, అరిథ్‌మెటిక్, రీజనింగ్, అంతే పెట్టుకో, పరీక్షలయ్యాక పూర్తిగా చేరు. దీంట్లో నష్టం ఉంది, ఇప్పుడే ఫుల్‌టైం చేరిన వాళ్ళకంటే మూడు నెలలు వెనకుంటావు, ఈ ఏడాది ఒక నోటిఫికేషన్ తప్పిపోవచ్చు కూడా. ఇంట్లో పరిస్థితి దానికి ఆగలేనంత ఇబ్బందిగా ఉంటే, కోచింగే ముందు అనుకుంటే, అప్పుడు మెంటార్ సార్‌ని అడిగి మీ ఊరి దగ్గర సొసైటీలోనో మిల్లులోనో తక్కువ దూరంలో నిజమైన చోటు చూసుకో, బస్సుల్లో పోయే మూడు గంటలు మిగుల్తాయి. అలా చేస్తే నేనేం తక్కువగా అనుకోను.

నాన్నని ఒకసారి ఆ ఆఫీసుకి తీసుకెళ్ళు. ఎలాగూ పనిమీద పేట వస్తుంటారు కదా, పది నిమిషాలు కూర్చోబెట్టి ఆడిటర్ గారితో రెండు ముక్కలు మాట్లాడించు. కూతురు ఎక్కడ కూర్చుంటుందో, చుట్టూ ఎవరున్నారో ఆయన చూడలేదు, ఆయన చూసిందల్లా చీకట్లో బస్టాండు దగ్గర నిలబడ్డ పిల్లని.

అడిగాక ఏమన్నారో రాయి. టూబీ చేతికొస్తే ఆ మొదటి రోజు లాగ్ బుక్‌లో ఏం రాశావో అది కూడా రాసి పంపు, తప్పులుంటే ఉండనీ, చూస్తాను.